పని తగ్గింది, పళ్లెం తగ్గలేదు: మా ఊరి పంచాయతీకి బహిరంగ లేఖ

సర్పంచ్ గారికి, ఉప సర్పంచ్ గారికి, వార్డు సభ్యులకు, కార్యదర్శి సార్‌కు, గ్రామ సమాఖ్య అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నేను ఎప్పుడు పంచాయతీ ఆఫీసుకు కాగితం తెచ్చినా దోమల మందు కోసమో, నీళ్ల ట్యాంకు కడిగించమనో తెస్తానని మీకు తెలుసు. ఈసారి అడిగేది మన ఊరి తిండి గురించి, నడక గురించి. ఎవరింటి తిండి వాళ్ల ఇష్టం, మధ్యలో పంచాయతీకేం పని అని మీలో కొందరికి అనిపించొచ్చు. నాకూ చాలా ఏండ్లు అట్లనే అనిపించింది. ఊర్లో ఆశ కార్యకర్తగా ఇల్లిల్లూ తిరగంగ తిరగంగ ఆ మాట తప్పని తెలిసింది. ఎందుకు తప్పో చెప్పుకోవడానికే ఈ లేఖ.

నేను ఈ పనిలో చేరిన కొత్తలో నా సంచిలో గర్భిణీల కార్డులు, ఐరన్ గోలీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండేవి. షుగర్ అంటే పట్నంలో కుర్చీలో కూర్చుని పని చేసేటోళ్ల జబ్బు అనుకునేవాళ్లం. ఇప్పుడు అదే సంచిలో బీపీ మిషను, షుగర్ చూసే మిషను మోస్తున్నాను. ముప్పై ఏండ్లు దాటినవాళ్లందరికీ పరీక్ష చేసి రిజిస్టర్‌లో రాయాలి. షుగర్ ఉన్నవాళ్ల పేర్లకు ఒక్క పేజీ చాలనుకుని మొదలుపెట్టాను. ఆ పేజీ నిండి చాలా రోజులైంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, ఇంకో 13 కోట్ల మందికి పైగా దాని అంచు మీద ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే 2023లో బయటికొచ్చింది. ఆ లెక్క విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. నా రిజిస్టర్ గుర్తొచ్చింది.

ఒకాయన సంగతి చెప్తాను, పేరు చెప్పను. మొన్న పత్తి ఏరే రోజుల్లో వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి వేలికి సూది గుచ్చాను. మిషను 312 చూపించింది. "నాకు షుగరేంది చెల్లే, నేను రైతును. నీ మిషనే ఖరాబైనట్టుంది" అన్నాడు. ఇంకో వేలికి చేశాను. మళ్లీ మూడొందలు దాటింది. ఆయన చేతులు చూస్తే కాయలు కాచినయ్, అబద్ధం కాదు. కానీ ఇప్పుడు ఆయన రోజు ఎట్లా గడుస్తుందో ఇద్దరం కూర్చుని లెక్కేసుకున్నాం. పొలానికి పోయేది బండి మీద. బోరు మోటరు ఇంటి నుంచే ఫోన్‌తో ఆన్ చేస్తాడు. దున్నేది ట్రాక్టరు, కలుపుకు గడ్డి మందు, వరి కోసేది మిషను. వాళ్ల నాయిన అదే నాలుగెకరాలకు అరక కట్టి, పొద్దు పొడవక ముందు మొదలుపెడితే ఎండ ఎక్కేదాకా నాగలి వెనుక నడిచేవాడు. కాలువ తీసినా, ఎరువు మోసినా ఒంటి కష్టమే. ఆ నాయిన తిన్నంత అన్నమే ఈ కొడుకూ మూడు పూటలా తింటున్నాడు. ఆ మాట నేను చెప్పలేదు, లెక్క అయిపోయాక ఆయనే అన్నాడు. "పని తగ్గింది గని తలెల అన్నం తగ్గలే చెల్లే."

మన ఊరి సంగతంతా ఆ ఒక్క మాటలో ఉంది.

మన తెలంగాణలో రేషన్ మీద ఇప్పుడు మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తున్నాయి. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. అవి సరిపోవట్లేదని ఇంకో 25 కిలోల బస్తా కొనుక్కునే ఇండ్లు నా వాడలోనే ఉన్నాయి. రెండూ కలిపి నలుగురికి పంచితే మనిషికి రోజుకు 400 గ్రాములు దాటుతుంది. అవి వండితే ఎంత అన్నమవుతుందో మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి. అంత అన్నం తిన్న కడుపులో పప్పుకు, కూరకు చోటెక్కడ ఉంటుంది? హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, మనకు రోజూ అందే శక్తిలో అన్నం, రొట్టెల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలని బొమ్మ గీసి మరీ చూపించింది. మన పళ్లెంలో కూర ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు, అన్నం గుట్ట మీద ఒక గరిటె.

దీనికి బియ్యాన్ని తిడదామని కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం రాకముందు గట్క తాగి పడుకున్న రాత్రులు మా అమ్మకు ఇప్పటికీ గుర్తే. వరి అన్నం అంటే పండుగ పూట, చుట్టాలొచ్చిన పూట. ఆమె ముందు బియ్యాన్ని ఒక్క మాట అంటే ఊరుకోదు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం మన ఊరికొచ్చినప్పుడు పిడికెడు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసుకుంది. ఆకలి చూసినవాళ్ల సంతోషం అది, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. ఆకలి తీరింది కదా, ఇక పళ్లెంలో ఏముందో చూసుకుందామనే నేను అడుగుతున్నాను.

ఆ అమ్మే రొట్టె చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం నాకిష్టం. ఎసరు మరగనిచ్చి జొన్నపిండిలో పోసి, కట్టెతో కలిపి, చెయ్యి పట్టేంత చల్లారగానే మెదుపుతుంది. పీట మీద పొడిపిండి చల్లి ముద్ద పెట్టి, ఒక చేత్తో చరుస్తూ ఇంకో చేత్తో తిప్పుతుంది. పెనం మీద వేసి తడిచేత్తో పైన నీళ్లు రాస్తుంది. అది ఆరగానే తిప్పితే పొంగుతుంది. మా చిన్నప్పుడు పొద్దుగూకితే వాడంతా ఆ రొట్టెలు చరిచే చప్పుడే. ఇప్పుడు మా వాడలో మూడిండ్లలోనే వినిపిస్తుంది. కొత్త కోడండ్లకు రాదని తప్పు పట్టొద్దు, నేర్పినవాళ్లం లేము. మా చెలకల్లో జొన్న పోయి పత్తి వచ్చాక పిండి కూడా కొనుక్కొచ్చుకునేదే అయింది.

ఇక్కడొక మాట చెప్పాలి. జొన్నరొట్టె మందేం కాదు. టీవీలో, ఫోన్లో చూసి చిరుధాన్యాలతో షుగర్ పూర్తిగా పోతుందని గోలీలు మానేసినవాళ్లు ఊర్లో ఇద్దరున్నారు. ఇద్దరికీ మళ్లీ పెరిగింది. రొట్టెలో ఉన్నదీ పిండి పదార్థమే. కాకపోతే పీచు ఎక్కువ, నమిలి తినాలి, రెండు తింటే కడుపు నిండుతుంది, పక్కన పప్పో కూరో లేకుండా గొంతు దిగదు. రొట్టెతో లాభం అదే. నాలుగు రొట్టెలు ఎర్రకారంతో తింటే ఏ ఉపయోగమూ లేదు. డాక్టర్ ఇచ్చిన గోలీ మాత్రం తిండి ఏదైనా వేసుకోవాల్సిందే.

ఇంకో సంగతి. ఊరందరికీ ఒకే మాట చెప్పడం కుదరదు. పై అధికారులు పంపే పాంప్లెట్‌లో "రోజూ అరగంట నడవండి, తక్కువ తినండి" అని ఉంటుంది. అది తీసుకుని ఎస్సీ కాలనీకి, తండాకు పోతే నాకే సిగ్గేస్తుంది. పొద్దున ఆటోలో ఎక్కి పోయి సాయంత్రం దాకా వంగి పత్తి ఏరి, కిలోల లెక్కన కూలి తీసుకునే అక్కకు నడవమని ఎట్లా చెప్పను? ఆమెకు కావాల్సింది నడక కాదు, తిండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో వందకు 57 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఐదేండ్లలోపు పిల్లల్లో వందకు 70 మంది. కూలికి పోయే అక్కల కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం. అదే ఇంట్లో మామకు షుగర్, కోడలికి రక్తం లేదు. కోడలు అందరికీ వడ్డించి చివరికి కూర్చుంటుంది. అప్పటికి కూర గిన్నెలో నూనె, పప్పు గిన్నెలో అడుగున నీళ్లు. చారు పోసుకుని తిని లేస్తుంది, వెంటనే ఒక గ్లాసు చాయ్ తాగుతుంది. తిన్న కాస్త ఐరన్‌ను కూడా ఆ చాయ్ ఒంటికి సరిగా పట్టనియ్యదు.

అందుకే సమాఖ్య అక్కలను ఇది అడుగుతున్నాను. నెలనెలా సంఘం మీటింగ్‌లో పొదుపు, అప్పు లెక్కలు అయిపోయాక పది నిమిషాలు నాకివ్వండి. ఇంట్లో ఆడవాళ్లు అందరితో కలిసి తినాలని, కూర ముందుగానే వాళ్లకు తీసిపెట్టాలని మీ నోటితో చెప్తే విలువ వేరు. నేను చెప్తే "ఆశమ్మ డ్యూటీ చేస్తుంది" అంటారు. గర్భిణీలకు, బాలింతలకు అంగన్‌వాడీలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. కూలి పోతుందని కొందరు, అత్త ఏమంటుందోనని కొందరు అక్కడికి పోయి తినట్లేదు. ఆ అత్తలంతా మీ సంఘాల్లో సభ్యులే.

మన దిక్కు ఇంకొక బరువు కూడా ఉంది, బోరు నీళ్లలో ఫ్లోరైడ్. నల్లగొండ జిల్లాలో మన మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతమంటే రాష్ట్రమంతటికీ ముందు గుర్తొచ్చేది అదే. 2015లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథకు పునాది వేశారు, తర్వాత కృష్ణా నీళ్లొచ్చాయి, ఇప్పటి పిల్లల పండ్లు తెల్లగా ఉన్నాయి. కానీ వంగిపోయిన కాళ్లతో, తిరగని మెడతో ఉన్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. కాల్షియం, విటమిన్ సి, మాంసకృత్తులు ఒంటికి బాగా అందితే ఫ్లోరైడ్ దెబ్బ తగ్గుతుంది. అంటే పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ, జామ. మన పెద్దవాళ్లు చింతపండు ఎక్కువ వాడతారని ఎగతాళి చేస్తుంటారు. చింతపండు తిన్న పిల్లలకు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే 2002లో రాశారు. చెప్పొచ్చేదేమంటే మనకు కావాల్సినవి ఎక్కడో సూపర్ మార్కెట్‌లో లేవు. పుంటికూర, చింతచిగురు, గంగవాయిలి కూర, పొన్నగంటి, మునగాకు, ఆనపకాయ, గుట్ట మీద సీతాఫలాలు, తోటల్లో బత్తాయి. బత్తాయిలు లారీలకెత్తి పంపిస్తాం, మన పిల్లలకు ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనిస్తాం.

మా ఇంట్లో జరిగింది కూడా రాస్తాను, దాచుకుంటే ఈ లేఖకు విలువ లేదు. మా అత్తమ్మకు చెప్పులో ముల్లు దిగింది. నొప్పి తెలియలేదు. షుగర్ ఉన్నవాళ్లకు అరికాలు మొద్దుబారుతుందని నేను ఊరందరికీ చెప్తాను, మా ఇంట్లోనే చూసుకోలేదు. వారం దాకా ఆమె ఎవరికీ చూపించలేదు, తర్వాత రెండు వారాలు ఒక దగ్గర కట్టు కట్టించుకుంటూ తిరిగింది. పెద్ద దవాఖానకు పోయేసరికి బొటనవేలు నల్లబడింది, తీసేశారు. డిశ్చార్జ్ అయిన రోజు ఆటోలో కాలు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "నువ్వు చూస్తనే ఉన్నవ్ గద బిడ్డా" అంది. నన్ను నిలదీసిందో, ఓదార్చిందో ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి ఎవరింటికి పోయినా ముందు పాదాలు చూస్తాను.

ఇక పంచాయతీ చెయ్యగలిగిన పనులు. పెద్ద నిధులేమీ అక్కర్లేదు, చాలా వరకు ఉన్నవాటిని వాడుకోవడమే.

మొదట చెరువు కట్ట. మొన్న చలికాలంలో మేం నలుగురు ఆడవాళ్లం తెల్లారక ముందే రోడ్డు మీద నడవడం మొదలుపెట్టాం. పదిహేను రోజులు నడిచాం. ఒకరోజు లైటు లేని ట్రాక్టర్ ఇసుకతో మా పక్క నుంచి పోయింది, మాలో ఒకామె మోరీలో పడబోయి ఆగింది. ఆ మరుసటి రోజు నుంచి ఎవరూ రాలేదు. కట్ట మీద తుమ్మకంప కొట్టించి, అటు చివర ఇటు చివర మధ్యలో మూడు లైట్లు వేయిస్తే ఊరికి అంతకంటే మంచి నడక దారి దొరకదు. బండ్లు రావు, గాలి బాగుంటుంది, ముసలివాళ్లు కూర్చోవడానికి తూము దగ్గర గద్దె ఉండనే ఉంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు, చురుకైన నడక లాంటి ఒంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఐదు రోజులు, రోజుకు అరగంట. కట్ట ఆ చివరికి పోయి రెండుసార్లు తిరిగొస్తే అయిపోతుంది. కాళ్లు వంగినవాళ్లకు, మోకాళ్లు అరిగినవాళ్లకు కుర్చీలో కూర్చుని చేతులు, కాళ్లు ఆడించే పద్ధతులున్నాయి, అవి పల్లె దవాఖానలో నేర్పించే ఏర్పాటు నేను చూస్తాను.

తర్వాత క్రీడా ప్రాంగణం. 2022లో బోర్డు పెట్టారు, రెండు వాలీబాల్ కర్రలు పాతారు, లాంగ్‌జంప్ గుంత తవ్వారు. ఇప్పుడు గుంతలో వయ్యారిభామ నా నడుం ఎత్తు పెరిగింది, మేకలు మేస్తున్నాయి. పిల్లలకు రోజుకు గంట ఆట కావాలి. వాళ్లు గుడి మెట్ల మీద వరుసగా కూర్చుని ఫోన్లలో ఆడుతున్నారు. వాళ్లను తిట్టేముందు ఆ జాగా శుభ్రం చేయిద్దాం. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆడపిల్లల కోసమే అని మైకులో చెప్పించండి. లేకపోతే మగపిల్లలు వాలీబాల్ ఆడుతున్నంతసేపు వాళ్లు గేటు దాటి లోపలికి రారు. మన ఊరి ఆడపిల్లలు ఖోఖోలో మండలానికి పోయి ఆడొచ్చినవాళ్లు. పదో తరగతి అయ్యాక వాళ్లలో ఎవరూ మళ్లీ పరుగెత్తింది నేను చూడలేదు.

ఆడవాళ్లకు వ్యాయామం అనగానే నవ్వుతారు గానీ, బతుకమ్మ తొమ్మిది రోజులూ రెండేసి గంటలు వంగి లేస్తూ చప్పట్లు కొట్టేది మనమే కదా. పండుగ అయిపోయాక ఆ వలయం ఎందుకు విడిపోవాలి? వారానికి రెండు సాయంత్రాలు బడి ముందర కోలాటం పెడదామని నాతో పాటు ఇంకో ఆరుగురు అనుకుంటున్నారు. కోలలు మేమే తెచ్చుకుంటాం. బడి గేటు తాళం చెవి ఇప్పిస్తే చాలు.

నర్సరీ గురించి కార్యదర్శి సార్‌కు ప్రత్యేకంగా మనవి. ఏటా వేల మొక్కలు పెంచుతున్నారు. ఈ వానకాలానికి వాటిలో మునగ, కరివేపాకు, నిమ్మ, జామ, బొప్పాయి, ఉసిరి పెంచి ఇంటికి మూడు చొప్పున ఇవ్వండి. పోయినసారి మా ఇంటికి ఇచ్చినవి పూల మొక్కలు. అందంగానే ఉన్నాయి, కానీ ఒక్క మునగచెట్టు ఇంటి వెనుక ఉంటే వారానికి రెండు పూటలు ఆకుకూర కొనక్కర్లేదు. గిన్నెలు కడిగిన నీళ్లు మోరీలో పోసే బదులు ఆ పాదులోకి మళ్లించుకోవచ్చు. తోటకూర, పాలకూర, బీర, చిక్కుడు విత్తనాలు సంఘం పేరు మీద ఒకేసారి తెప్పిస్తే ఇంటికి అంత ఖర్చు కాదు.

పంద్రాగస్టుకు, జనవరి 26కు పంచాయతీ తరఫున బిస్కెట్లు, చాక్లెట్లు పంచుతున్నారు. వచ్చేసారి పల్లీపట్టీలు, అరటిపండ్లు పంచండి. గ్రామసభలో కూల్‌డ్రింక్ బదులు ఎండాకాలం మజ్జిగ, అంబలి పెట్టండి. ఇవి చిన్నవే, కానీ సర్పంచ్ చేతి నుంచి వచ్చింది పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. బడి పక్కన కిరాణా కొట్టు నడిపే అన్నలతో నేను మాట్లాడాను. ఉడకబెట్టిన పల్లీలు, గుడాలు అమ్మితే సాయంత్రానికి మిగిలిపోతాయని వాళ్ల భయం. వాళ్ల గిరాకీ చెడగొట్టాలని లేదు. మొదటి నెల మిగిలినవి సంఘం కొనుక్కుంటుందని మాటిస్తే వాళ్లు ఒప్పుకునేలా ఉన్నారు.

మగవాళ్ల గురించి ఒక్క మాట. నేను పగలు పోతే వాళ్లు ఇంట్లో ఉండరు, సాయంత్రం పోతే కొందరు మాట్లాడే స్థితిలో ఉండరు. బెల్టు షాపుల సంగతి మీకు నాకంటే ఎక్కువ తెలుసు కాబట్టి ఇక్కడ రాయను. కానీ నా రిజిస్టర్‌లో ఖాళీగా ఉన్న గడులన్నీ దాదాపు మగవాళ్లవే. పాల కేంద్రం దగ్గర పొద్దున ఆరింటికి అందరూ వస్తారు. అక్కడొక బల్ల, రెండు కుర్చీలు వేయించి, చెత్త ట్రాక్టర్ మైకులో రెండు రోజుల ముందు చెప్పిస్తే నేను ఏఎన్ఎం అక్కను తీసుకొచ్చి వారం రోజుల్లో ఊరు పూర్తి చేస్తాను. రిజల్టు అందరి ముందూ చెప్పను, చీటీ మీద రాసిస్తాను.

మన ఊరికి గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని ఒకటుంది. మీటింగ్ జరిగినట్టు సంతకాలు పెట్టడం తప్ప అందులో పోషకాహారం గురించి మాట్లాడుకున్నది నాకు గుర్తులేదు. ఆ సంతకాల్లో నాదీ ఉంది, ఆ తప్పులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను. రెండు నెలలకోసారి పెట్టే గ్రామసభలో ఈసారి ఎజెండాలో రోడ్లు, మోరీలు, లైట్ల తర్వాత "తిండి, నడక" అని ఒక అంశం రాయండి. కట్ట మీద కంప, మూడు లైట్లు, ప్రాంగణం, నర్సరీ మొక్కలు, ఈ నాలుగింటి మీద ఊరి ముందు తీర్మానం చేయండి.

ఆ రోజు నేను మిషన్లు తీసుకుని అరగంట ముందే వస్తాను. మొదటి పరీక్ష సర్పంచ్ గారికి, తర్వాత వార్డు సభ్యులకు వరుసగా చేస్తాను. మీరు చెయ్యి చాపితే వెనుక నిలబడ్డ వాళ్లూ చాపుతారు.

ఇట్లు,
మీ ఊరి ఆశ కార్యకర్త